వార్తల్లో పదం: సీఎస్‌ఆర్

ఫలానా కంపెనీ బడికి బెంచీలిచ్చింది, ఊళ్లో మంచినీటి ప్లాంటు పెట్టింది అని వార్త వస్తే, పక్కనే కనిపించే పొడి అక్షరాలివి. విప్పి చెబితే కార్పొరేట్ సామాజిక బాధ్యత.

2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ దీనికి ఆధారం. 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. నికర విలువ రూ.500 కోట్లు, టర్నోవరు రూ.1,000 కోట్లు, నికర లాభం రూ.5 కోట్లు: వీటిలో ఏ ఒక్క గీత దాటిన కంపెనీ అయినా గత మూడేళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతం సమాజానికి ఖర్చుపెట్టాలి.

మెలిక ఇక్కడుంది. సొంత ఉద్యోగుల మేలుకు పెట్టే ఖర్చు ఈ లెక్కలోకి రాదు. అదే న్యాయం కూడా. కూలి, భద్రత, సెలవు యజమాని బాకీలు. వాటిని దానం పద్దులో రాసుకుంటే ఎలా?

బాకీకీ దానానికీ ఉన్న ఈ తేడా పశ్చిమ బెంగాల్‌లోని రైల్వే పట్టణం ఖరగ్‌పూర్‌లో పాతదే. ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టర్లలో తెలుగు కుటుంబాలు తరాలుగా ఉంటున్నాయి. క్వార్టరు ఉంది కదా అని కార్మికులు ఊరుకోలేదు. 1927లో ఉద్యోగాల కోతపై బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేతో తలపడ్డారు. ముందు నిలిచినవారిలో బరంపురంలో పుట్టిన వి.వి.గిరి ఒకరు. ఆ ఏడాదే ఆయన జెనీవాలో అంతర్జాతీయ కార్మిక సంస్థ సమావేశానికి భారత కార్మికుల ప్రతినిధిగా వెళ్లారు. ఇలాంటి హక్కులతో కూడిన 'గౌరవప్రదమైన పని'ని ఆ సంస్థ 1999లో తన లక్ష్యంగా ప్రకటించింది.

అన్నట్టు, భారతీయ రైల్వే ప్రభుత్వ శాఖ, కంపెనీ కాదు. 135వ సెక్షన్ దానికి వర్తించదు.