యువజన సంఘములు - ఆటపాటలు

నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతములందు క్రైస్తవ సంఘములు నిన్న మొన్న వెలసినవి కావు. ముత్యాలపాటను, నంద్యాలను మిషనువారు పందొమ్మిదవ శతాబ్దియందే పని సాగించిరి. అట్టి పాత సంఘములలో ఆరాధన ముగిసిన పిమ్మట యువజనులు కూడుకొని ఆడుట, పాడుట మంచి వాడుక. అయితే పెక్కుచోట్ల బాలురు బంతి పట్టుకొని ఆవరణలోనికి పరుగెత్తుదురు. బాలికలు గోడప్రక్క నిలిచి చూచుచుందురు. తల్లులు ఆలోచింపవలసిన సంగతి యిది.

ఈ బంతియాటలు పుట్టినదే క్రైస్తవ యువజన సమాజములలో. 1891లో జేమ్స్ నైస్మిత్ అమెరికాలోని వై.యం.సి.ఏ. శిక్షణాలయమున పండ్లబుట్టలు తగిలించి బాస్కెట్‌బాల్ కల్పించెను. మరుసటి సంవత్సరమే సెండా బెరెన్సన్ అను ఉపాధ్యాయిని దానిని సవరించి స్మిత్ కళాశాలలో ఆడపిల్లలచే ఆడించెను. అంత శ్రమ కోర్వలేని వారికని 1895లో విలియం మోర్గన్ వాలీబాల్ కల్పించెను. వల లేనిచోట రెండు గుంజలకు త్రాడు కట్టినను ఈ ఆట సాగును. ఇక మన ఆడపిల్లలకు అడ్డమేమి?

బంతి లేకున్నను ఆట లేకపోదు. మేము సూచించునది పేర్ల గొలుసు. అందరు వలయముగా కూర్చుండి, ఒకరు గ్రంథములోని పేరొకటి చెప్పవలెను. దాని కడపటి హల్లుతో మరియొకరు అందుకొనవలెను. రూతు, తిమోతి, తామారు, రాహేలు, లాజరు, రిబ్కా - ఇట్లు నడచును. చదువురాని అవ్వ సయితము విని నేర్చిన పేర్లతో పట్టభద్రులను ఓడింపగలదు. కోలాటము, తొక్కుడుబిళ్ళ కూడ మరువరాదు.

ఓడినవారిని వెలుపల కూర్చుండబెట్టుట మంచిది కాదు. ముందుగా ఓడువారు బిడియస్థులు. ఆట వారికే ఎక్కువ అవసరము. వారికి లెక్క వ్రాయు పనియో, తీర్పు చెప్పు పనియో ఒప్పగింపవలెను. వేసవిలో ఎండ తగ్గిన పిమ్మట మొదలిడి, ప్రొద్దు గ్రుంకకమునుపే ముగింపవలెను. పెద్దమ్మయో, అత్తయో ఒకరు దగ్గర నుండిన, ఆడపిల్లను పంపుటకు ఏ ఇంటివారును జంకరు.

సోదరీమణులారా! బాలిక ఆటకు రాకపోవుటకు కారణము తరచుగా సిగ్గు కాదు. ఇంటిలో మిగిలియున్న అంట్లు. ఆదివారమునాడు ఆ అంట్లలో సగము అన్న తోమినచో, చెల్లెలికిని ఒక గంట తీరిక దొరకును. ఈ ఏర్పాటు సంఘ పెద్దలు చేయునది కాదు. మన వంటింటిలో మనము చేయవలసినది.