మనసుకూ ఓ గడియారం ఉంది!

తెల్లారినా మంచం దిగబుద్ధి కాదు. ఏ పని మీదా ధ్యాస నిలవదు. ఇలాంటి వాళ్లు మన ఇంట్లోనో, పక్కింట్లోనో ఉంటే "ఒళ్లు బద్ధకం" అని తేలిగ్గా అనేస్తాం. ఆ మాట అనే ముందు డాక్టర్ నార్మన్ రోసెంతాల్ సంగతి కాస్త తెలుసుకోండి.

ఎండలు బాగా కాసే దక్షిణాఫ్రికా ఆయనది. మానసిక వైద్యంలో శిక్షణ కోసం 1976లో న్యూయార్క్ వెళ్లారు. అక్కడ డిసెంబరులో సాయంత్రం నాలుగున్నరకే పొద్దు గూకుతుంది. చలికాలం రాగానే తనలో హుషారు తగ్గడం, వసంతం రాగానే మళ్లీ పుంజుకోవడం ఆయన గమనించారు. తర్వాత అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో చేరి ఇదే విషయం మీద పరిశోధన చేశారు. తన బృందంతో కలిసి 29 మంది రోగుల వివరాలతో 1984లో ఓ వ్యాసం ప్రచురించారు. ఏటా చలికాలంలో దిగులు, అతినిద్ర, అన్నం, తీపి పదార్థాల మీద యావ, బరువు పెరగడం! బద్ధకం కాదు, ఇది జబ్బేనన్నారు. దానికి 'సీజనల్ ఎఫెక్టివ్ డిజార్డర్' అని పేరు పెట్టారు. ఇది ఆడవాళ్లలోనే ఎక్కువ.

వెలుతురుకీ మనసుకీ ఏమిటి సంబంధం?

మన మెదడులో బియ్యపు గింజకన్నా చిన్న గడియారం ఒకటుంది. నిద్ర, ఆకలి, ఒంటి వేడి అన్నీ దాని లెక్క ప్రకారమే నడుస్తాయి. కంట్లో పడే వెలుతురే దానికి కీ ఇస్తుంది. చీకటి పడితే మెలటోనిన్ అనే హార్మోను ఊరుతుంది. గట్టి వెలుతురు పడితే అది ఆగిపోతుందని 1980లో ఆల్ఫ్రెడ్ లూయీ బృందం మనుషుల్లో నిరూపించింది. అందుకే ఈ జబ్బుకి 'లైట్ థెరపీ' వచ్చింది. రోజూ పొద్దున్నే అరగంటసేపు 10,000 లక్స్‌ల దీపం ముందు కూర్చోబెడతారు. మన ఇంట్లో ట్యూబులైటు వెలుతురు కొన్ని వందల లక్స్‌లకు మించదు.

మనకెందుకీ గొడవ అంటారా?

చలిదేశాల్లో ఉన్న మన అమ్మాయిలు, కోడళ్లు ఫోనులో "ఏం తోచడం లేదమ్మా" అంటే ఈ సంగతి గుర్తు చేసుకోండి. మనకు ఎండకు కొదవ లేదు కానీ, పగలంతా గాలీ వెలుతురూ లేని వంటింట్లో, రాత్రి పొద్దుపోయేదాకా టీవీ, సెల్‌ఫోన్ల ముందు గడిపితే ఆ గడియారం గతి తప్పదూ? అందుకని:

* సెలవురోజైనా సరే, రోజూ ఒకే వేళకు లేవండి.
* పొద్దున కాఫీ గ్లాసుతో డాబా మీదకో, వాకిట్లోకో వెళ్లండి. సూర్యుడి వంక నేరుగా చూడొద్దు సుమా!
* భోజనం వేళలు మార్చకండి.
* పడుకునే గంట ముందు ఫోను పక్కన పెట్టండి, లైట్లు తగ్గించండి.

ఒక్క హెచ్చరిక. ఇవి మందులకు బదులు కావు. వాడుతున్న మాత్రలు సొంతంగా ఆపకండి. కంటిజబ్బు ఉన్నవాళ్లు, ఉద్రేకం, దిగులు మార్చి మార్చి వచ్చే బైపోలార్ జబ్బున్నవాళ్లు డాక్టరును అడగకుండా దీపాల వైద్యం జోలికి పోకూడదు. దిగులు రెండు వారాలు దాటినా, చచ్చిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆలస్యం చేయొద్దు. ప్రభుత్వ టెలీమానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

జ్వరమొస్తే దాచుకోం కదా, దిగులును మాత్రం ఎందుకు దాచుకోవాలి?