వెనక బంపర్... ఎవరి కోసం?

కొత్త పికప్ వ్యాన్ ఇంటికి రాగానే మొదట పూజ, చక్రాల కింద నిమ్మకాయలు. ఆ తర్వాత... వెల్డింగ్ షాపు! 44వ నంబరు జాతీయ రహదారి మీదున్న మేడ్చల్‌లోనూ, రాజీవ్ రహదారి మీదున్న శామీర్‌పేటలోనూ బండ్లవాళ్లకు ఇది మామూలే. బోయిన్‌పల్లి మార్కెట్‌కు కూరగాయలు వేసేవాళ్లైనా, ఇటుక, సిమెంటు తోలేవాళ్లైనా వెనక ఇనుప బంపర్ ఉండాలంటారు. రివర్స్‌లో గోడ తగిలినా డాలా సొట్టపోదు, ఎక్కి దిగడానికి మెట్టులానూ ఉంటుంది. యజమాని లెక్క అంతే.

కానీ బంపర్ అసలు పని వేరు. చీకట్లో ఆగి ఉన్న బండిని కారు వెనక నుంచి గుద్దితే బానెట్ డాలా కిందికి దూరిపోతుంది. డాలా అంచు నేరుగా అద్దం మీదికే! 1967 జూన్ 29న హాలీవుడ్ తార జేన్ మాన్స్‌ఫీల్డ్ ఇలాగే ట్రైలర్ కిందికి కారు దూసుకుపోయి చనిపోయారు. అక్కడి ట్రైలర్ల వెనకుండే ఇనుప కమ్మీని ఇప్పటికీ ఆమె పేరుతోనే పిలుస్తారు.

మన దగ్గర లోడుతో కలిపి మూడున్నర టన్నులు దాటే లారీలకు ఈ అడ్డుకమ్మీ తప్పనిసరి. ఖాళీ బండికి అది నేల నుంచి 55 సెంటీమీటర్లకు మించి పైన ఉండకూడదన్నది ఐఎస్ 14812 ప్రమాణం. అంతకన్నా చిన్న పికప్‌లకు ఆ నిబంధన లేదు. దాంతో ఎత్తు యజమాని ఇష్టం. అందం కోసం డాలాకు సమానంగా పైకి పెట్టిస్తే, అది ఉన్నా లేనట్టే.

ఇక బిగించడం... డాలా రేకుకు నాలుగు టాకాలు వేసిన బంపర్ చూపులకే గట్టిది. దెబ్బ పడితే ఊడి వస్తుంది. పట్టీలు ఛాసిస్‌కే రావాలి, అదీ కంపెనీ ఇచ్చిన రంధ్రాల్లో బోల్టులతో. ఛాసిస్‌ను వెల్డింగ్ చేస్తే ఆ వేడికి ఉక్కు బలం తగ్గుతుంది. లోడు మీద పగులు మొదలయ్యేది అక్కడే. దగ్గర్లో వెల్డింగ్ తప్పకపోతే ముందు బ్యాటరీ తీగ తీసేయాలి. లేదంటే ఇంజిన్‌ను నడిపే ఎలక్ట్రానిక్ పెట్టె కాలిపోవచ్చు. పైపు కొసలు బాడీ దాటి బయటికి పొడుచుకొస్తే పక్కనుంచి పోయే బైకువాడి మోకాలికి ముప్పు. నంబరు ప్లేటు, లైట్లు కనబడాలి. స్టెప్నీ దిగే దారి మూసుకుపోకూడదు (ఈ సంగతి పంక్చరైన రాత్రే గుర్తొస్తుంది!).

చట్టం సంగతీ ఉంది. క్రాష్ గార్డులు, బుల్ బార్లు బిగించడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌కు విరుద్ధమని 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ రాష్ట్రాలకు రాసింది. 2019 సవరణతో, అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు... ఏదైనా పడొచ్చు, రెండూ పడొచ్చు. కాబట్టి వెల్డింగ్ షాపుకు ముందు, కంపెనీ బంపర్ దొరుకుతుందేమో డీలర్‌ను అడగడం నయం.

అదీ కుదరకపోతే, డాలా మీద ఎర్ర రేడియం పట్టీ అయినా అతికించుకోవచ్చు. వెనక కారు లైటు పడగానే అది దూరం నుంచే మెరుస్తుంది. రోజూ దుమ్ము తుడవాలి, అంతే.