చెవిలోని మ్రోత – కంఠములోని గ్రంథి

రాత్రివేళ ఇల్లంతయు నిద్రించుచుండగా ఒకరి చెవిలో మాత్రము కీచురాయి ఎడతెగక అరచుచున్నట్లుండును. ప్రక్కనున్నవారికది వినబడదు. గోడలు, కిటికీలు ఎంత వెదకినను ఆ కీచురాయి దొరకదు. ఆయుర్వేదము దీనిని కర్ణనాదమని పేర్కొన్నది. ఆధునిక వైద్యులు టిన్నిటస్ అందురు. ఇట్టి మ్రోతతో ఏండ్ల తరబడి కాలము గడుపుచున్నవారికి రక్తపరీక్షలో థైరాయిడు మందగించినదని తేలినచో, మొట్టమొదట ఆశ పుట్టును: ఈ మాత్ర మ్రింగినచో ఆ మ్రోత ఆగునా?

ఆ ఆశ నిర్హేతుకము కాదు. కాని దానినే నమ్మి చికిత్సను నిర్ణయించుకొనుట ప్రమాదకరము. తర్కశాస్త్రమున కాకతాళీయ న్యాయమున్నది. కాకి వచ్చి వ్రాలుటయు తాటిపండు రాలుటయు ఒక్క క్షణమున జరిగినంత మాత్రమున కాకియే పండును రాల్చినదనరాదు. థైరాయిడు మాంద్యము నడివయస్సు దాటిన స్త్రీలలో తరచుగా కనబడును. చెవిమ్రోతయు వయస్సుతోపాటు హెచ్చుచుండును. ఈ రెండును ఒకే మనిషిలో కలియుట వింత కాదు. వాని నడుమ సంబంధమున్నదో లేదో విచారించియే తెలిసికొనవలెను.

అవటు గ్రంథి యనబడు థైరాయిడు స్వరపేటికకు కొంచెము దిగువను, వాయునాళము నంటిపెట్టుకొని, రెక్కలు విచ్చిన సీతాకోకచిలుకవలె నుండును. ఆహారమందలి అయొడినును గ్రహించి అది థైరాక్సిన్ అను హార్మోనును తయారుచేయును. శరీర కణములు ఎంత చురుకుగా పనిచేయవలెనో ఈ హార్మోను నిర్దేశించును. ఇది కొరవడినచో బడలిక, చలికి ఓర్వలేమి, మలబద్ధకము, మతిమరపు, బొంగురుగొంతు కలుగును. గ్రంథి మందగించినకొలది మెదడు అడుగుననున్న పీయూష గ్రంథి టి.ఎస్.హెచ్. అను మరియొక హార్మోనును హెచ్చుగా పంపి దానిని తొందరపెట్టును. పిల్లవాడు పాఠము వినకున్నకొలది ఉపాధ్యాయుని గొంతు హెచ్చునట్లే ఇదియు. కనుకనే రక్తములో టి.ఎస్.హెచ్. పెరుగుట సామాన్యముగా థైరాయిడు మందగించుటకు గుర్తు.

ఈ వ్యాధికి ఒకప్పుడు మందు లేదు. 1891లో ఇంగ్లండులోని న్యూకాసిల్ నగరమున జార్జి మర్రే అను యువవైద్యుడు గొఱ్ఱె థైరాయిడునుండి తీసిన రసమును 46 ఏండ్ల స్త్రీకి సూదిద్వారా ఎక్కించెను. ఆమె కోలుకొని 28 ఏండ్లు బ్రతికి 1919లో కన్నుమూసెను. 1914లో అమెరికాలో ఎడ్వర్డు కెండాల్ థైరాక్సిన్‌ను స్ఫటికరూపమున వేరుచేసెను. 1927లో హారింగ్టన్, బార్గర్ అనువారు దానిని ప్రయోగశాలలో నిర్మించిరి. నేటి లెవోథైరాక్సిన్ మాత్ర ఆ పరంపరలోనిదే.

అయొడిను విషయమున తెలుగువారు స్మరింపదగిన పేరొకటి కలదు. 1921లో శ్రీకాకుళమున జన్మించి విశాఖపట్టణమున వైద్యవిద్య నభ్యసించిన వులిమిరి రామలింగస్వామి గారు, 1956లో ఆరంభమైన కాంగ్రా లోయ పరిశోధనలో, అయొడిను కలిపిన ఉప్పు తిన్న ప్రాంతములలో గలగండము తగ్గుటను నిరూపించిరి. 1962లో కేంద్ర ప్రభుత్వము గలగండ నివారణ కార్యక్రమమును చేపట్టెను. నేడు అయొడిను ఉప్పు వాడు ఇండ్లలో థైరాయిడు మాంద్యమునకు తరచు కారణము వేరు. శరీర రక్షణశక్తియే గ్రంథిపై దాడిచేయును. 1912లో జపాను వైద్యుడు హకారు హషిమొటో దీనిని వర్ణించెను. ఇట్టివారు అయొడినును అధికముగా తీసికొన్నచో గ్రంథి మరింత మందగింపవచ్చును.

ఇక చెవి సంగతి. లోచెవిలో కర్ణావర్తమను నత్తగుల్లవంటి భాగమున్నది. దానిలోని రోమకణములు శబ్దకంపనములను సంకేతములుగా మార్చి మెదడునకు పంపును. అవి క్షీణించినచో సంకేతములు తగ్గును. ఆ కొరతను పూరించుటకు మెదడు తన గ్రహణశక్తిని హెచ్చించుకొనగా మ్రోత పుట్టునని పలువురు శాస్త్రజ్ఞుల అభిప్రాయము. థైరాక్సిన్ లోపము తీవ్రమైనప్పుడు వినికిడి తగ్గుటయు కలదు. అట్టివారిలో కొందరికి చికిత్సతో వినికిడి మెరుగుపడవచ్చును, మ్రోతయు తగ్గవచ్చును. కాని అందరికిని అట్లగునని చెప్పుటకు ఆధారము లేదు. వయస్సువలనను పెద్ద శబ్దములవలనను నశించిన రోమకణములు మనుష్యులలో తిరిగి మొలవవు.

కనుక మాత్ర వేసికొనుటయా మానుటయా అను నిర్ణయమునకు రక్తపరీక్షయే ప్రధానాధారము కావలెను. టి.ఎస్.హెచ్. హెచ్చి థైరాక్సిన్ తగ్గియున్నచో చికిత్స అవసరము. మ్రోత తగ్గినను తగ్గకున్నను గుండెకును మెదడునకును ఆ హార్మోను కావలెను. థైరాక్సిన్ సరిగానుండి టి.ఎస్.హెచ్. మాత్రమే హెచ్చినచో ఆలోచింపవలసి యుండును. అది 10 దాటినచో వైద్యులు సామాన్యముగా మందు సూచింతురు. అంతకు తక్కువైనచో రెండు మూడు నెలలాగి పరీక్ష మరల చేయించుట మంచిది. పలువురిలో అది తనంతట తానే సరియగును. 2017లో ప్రచురితమైన ఒక పరిశోధనలో 65 ఏండ్లు నిండిన 737 మందిని పరిశీలించిరి. ఇట్టి స్వల్ప మాంద్యమునకు మందు తీసికొన్నవారికిని ఉత్తుత్తి మాత్ర తీసికొన్నవారికిని బడలిక మొదలైన లక్షణములలో చెప్పదగిన భేదము కనబడలేదు. గర్భవతుల విషయము వేరు. వారు జాగు చేయక వైద్యుని సంప్రదింపవలెను.

మందు మొదలిడిన పిమ్మట ఓర్పు కావలెను. అది శరీరమున సగము తరుగుటకే సుమారు వారము పట్టును. 6 నుండి 8 వారములు గడచినగాని మోతాదు సరిపోయినదో లేదో తెలియదు. మాత్రను పరగడుపున నీటితో వేసికొని, అరగంట మొదలు గంటవరకు కాఫీ, ఫలహారము ముట్టరాదు. ఇనుము, కాల్షియము మాత్రలకును దీనికిని 4 గంటల ఎడముండవలెను. మ్రోత తగ్గలేదని మోతాదు పెంచుకొనుట పెద్ద పొరపాటు. థైరాక్సిన్ మితిమీరినచో గుండె దడ, ఆందోళన, నిద్రలేమి కలుగును. ఎముకలు బలహీనమగును. వృద్ధులలో గుండె లయ తప్పవచ్చును. నిద్ర కరవైన రాత్రి చెవిమ్రోత మరింత బాధించునని అనుభవించువారెరుగుదురు. మ్రోతను తగ్గింపబోయి పెంచుకొన్నట్లగును.

చెవికి చేయవలసినది చెవికి వేరుగా చేయవలెను. గులిమి అడ్డుపడినదేమో చూపించి, వినికిడి పరీక్ష చేయించుకొనవలెను. ఆస్పిరిన్ వంటి మందులు పెద్ద మోతాదులో చెవిమ్రోతను కలిగింపగలవు గనుక వాడుచున్న మందులన్నియు వైద్యునికి చెప్పవలెను. మ్రోత ఒక చెవిలోనే యున్నను, నాడి కొట్టుకొనునట్లు వినబడినను, వినికిడి హఠాత్తుగా తగ్గినను ఆలస్యము చేయరాదు. మ్రోతను నిర్మూలించు మందు నేటివరకు లేదు. అయినను వినికిడి తగ్గినవారికి వినికిడి యంత్రము ఊరట నిచ్చును. రాత్రి పంకా చప్పుడు వంటి మెల్లని ధ్వని తోడైనచో మ్రోత అంతగా తోచదు. మ్రోతపట్ల మనస్సునకు గల భీతిని, చిరాకును తగ్గించు మానసిక శిక్షణవలన మేలు కలుగుట పరిశోధనలలో తేలినది.

ఈ రెండు బాధలతో బడికి పోవు ఉపాధ్యాయినికి రోజంతయు నిలబడి పాఠము చెప్పు ఓపికయు కావలెను, వెనుక బెంచీనుండి పిల్లవాడడిగిన ప్రశ్న వినబడుటయు కావలెను. మొదటిదానికి మాత్ర తోడ్పడవచ్చును. రెండవదానికి వినికిడి పరీక్ష దారి చూపును. మాత్ర మొదలిడునాడే ఒక నోటుపుస్తకమున రెండు పుటలు కేటాయించి, ఒకదానిపై బడలిక, నిద్ర, టి.ఎస్.హెచ్. అంకెలను, రెండవదానిపై మ్రోత హెచ్చుతగ్గులను వ్రాసియుంచుకొనుట మేలు. మరల పరీక్షకు పోవునాడు వైద్యుని ముందు ఆ రెండు పుటలను తెరచి చూపవలెను.