చదువు మీద మనసు పోనప్పుడు

ఇంటర్మీడియట్‌లో చేరిన అన్నయ్య పుస్తకం ముందు కూర్చుంటాడు. గంట గడిచినా పేజీ తిరగదు. అడిగితే, "మనసు పోవటం లేదు," అంటాడు. అమ్మకు దిగులు, నాన్నకు కోపం. పిల్లలూ, ఇలాటి గొడవే సుమారు రెండు వందల ఏళ్ళ కిందట ఇంగ్లండులో ఒక ఇంట జరిగింది.

ఆ ఇంటి కుర్రవాడు 1809లో ష్రూస్‌బరీ అనే ఊళ్ళో పుట్టాడు. తండ్రి పేరుమోసిన వైద్యుడు. కుర్రవాడికి బడిపాఠాలు రుచించేవి కావు. వేటా, పురుగులూ అంటే మాత్రం ప్రాణం. వీడు ఇంటి పరువు తీస్తాడని తండ్రి చీవాట్లు పెట్టాడు. 1825లో, పదహారో ఏట, వైద్యం చదవమని ఎడింబరో పంపాడు.

ఆ రోజుల్లో మత్తుమందు లేదు. మెలకువగా ఉన్న రోగికే శస్త్రచికిత్స చేసేవారు. ఒక చిన్నబిడ్డకు అలా చేస్తుంటే చూడలేక కుర్రవాడు బయటికి పరుగెత్తాడు. రెండేళ్ళకు ఆ చదువే మానేశాడు. అప్పుడు తండ్రి, మతాచార్యుడవుదువుగాని పొమ్మని, కేంబ్రిడ్జికి పంపాడు. అదీ వాడు కోరుకున్న చదువు కాదు.

కాని ఒక సంగతి గమనించండి. మనసు లేదని వాడు ఊరికే కూర్చోలేదు. ఎడింబరోలో జాన్ ఎడ్మన్‌స్టన్ అనే ఆయన దగ్గర, చచ్చిన పక్షుల చర్మం చెడిపోకుండా భద్రపరిచే పని నేర్చుకున్నాడు. కేంబ్రిడ్జిలో పెంకుపురుగులు పోగుచేశాడు. ఒకనాడు రెండు చేతుల్లోనూ చెరొక పురుగు ఉండగా మూడోది కనబడింది! చేతిలోదాన్ని చటుక్కున నోట్లో వేసుకున్నాడు. అది ఘాటైన రసం చిమ్మింది. నాలుక మండిపోయి దాన్ని ఉమ్మేశాడు, మూడోదీ దక్కలేదు.

అక్కడే హెన్‌స్లో అనే వృక్షశాస్త్ర ఆచార్యుడి వెంట తిరిగి, ఎన్నో విషయాలు అడిగి తెలుసుకున్నాడు. ఇష్టంలేని పరీక్ష కూడా కష్టపడి చదివి, 1831లో గట్టెక్కాడు. అదే ఏడు హెన్‌స్లో సిఫారసు వల్ల బీగిల్ ఓడ మీద ప్రపంచం చుట్టి వచ్చే అవకాశం వచ్చింది. తండ్రి వద్దంటే మేనమామ నచ్చచెప్పాడు. దాదాపు 5 ఏళ్ళ ఆ ప్రయాణంలో, ఎడింబరోలో నేర్చిన పని ఎంతో అక్కరకు వచ్చింది. ఆ కుర్రవాడే చార్లెస్ డార్విన్! జీవజాతులు ఎలా మారుతూ వచ్చాయో వివరించే ఆయన గ్రంథం 1859లో వెలువడింది.

చదువు నచ్చనివాళ్ళంతా డార్విన్‌లు అవుతారా? కారు. అయినా ఆయన చేసిన మూడు పనులు ఎవరైనా చేయవచ్చు. ఎవరూ చెప్పకుండానే మీరు చేసే మంచి పని ఏదో గుర్తించి, దాన్ని శ్రద్ధగా నేర్చుకోండి. తెలిసిన పెద్దల దగ్గరికి వెళ్ళి, అర్థంకానిది సిగ్గుపడక అడగండి. చేతిలో ఉన్న పరీక్షను మాత్రం వదలకండి. రోజూ ఒకే వేళకు, ఫోను పక్కగదిలో పెట్టి, అరగంటైనా చదవండి. మనసు వచ్చాక కూర్చుందామనుకుంటే అది రాదు; కూర్చుంటే మెల్లిగా వస్తుంది.

దారులు డాక్టరూ, ఇంజనీరూ రెండే కావు. పది పాసయినవారికి ఐ.టి.ఐ.లో ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ వంటి పనులు నేర్పుతారు. పాలిటెక్నిక్ డిప్లొమా చేసినవారు పరీక్ష రాసి ఇంజనీరింగు రెండో ఏడులో చేరవచ్చు. ఇంటర్ తప్పితే సప్లిమెంటరీ పరీక్ష ఉన్నది. బడి మానినవారికి సార్వత్రిక పాఠశాల ఉన్నది.

అమ్మలూ, నాన్నలూ! పక్కింటి పిల్లవాడితో పోల్చటం మాని, "నీకేది బాగుంటుందిరా?" అని ఒక్కసారి అడిగి చూడండి. జవాబు వెంటనే రాకపోవచ్చు. మర్నాడు మళ్ళీ అడగండి.