తనఖా అప్పు: నెలనెలా అదనపు జమతో లాభం
విజయవాడ: పటమటలోని ఇల్లు తనఖా పెట్టి, 20 లక్షల రూపాయలు 9 శాతం వడ్డీకి 20 సంవత్సరాల గడువుతో తెచ్చిన వర్తకునికి నెల వాయిదా రూ. 17,995 పడుతుంది. తొలి వాయిదాలో వడ్డీకి రూ. 15,000 పోగా అసలుకు జమ రూ. 2,995 మాత్రమే. నెలకు మరో రూ. 2,000 అసలుకు కట్టినచో, వడ్డీ రేటు మారనంతవరకు, 186 నెలలకే బాకీ తీరి దస్తావేజులు చేతికి వస్తాయి. వడ్డీలో సుమారు 6 లక్షలు మిగులుతుంది.

2026 జనవరి 1 నుంచి మంజూరైన ఇట్టి ఫ్లోటింగ్ వడ్డీ రుణంపై, అది వ్యాపారానికైనా సరే, వాణిజ్య బ్యాంకులు వ్యక్తుల నుంచి ముందస్తు చెల్లింపు రుసుము వసూలు చేయరాదని రిజర్వు బ్యాంకు 2025 జూలైలో ఆదేశించింది.

అదనపు సొమ్ముతో వాయిదా గాక గడువు తగ్గించవలసిందిగా బ్యాంకుకు వ్రాసి ఇవ్వడం మంచిది. అయితే అసలుకు జమపడిన సొమ్ము ధాన్యం సీజనులో కొనుగోళ్లకు తిరిగి రాదు. సరుకు పెట్టుబడి విడిగా ఉంచుకొన్న తరువాతనే అదనపు జమ క్షేమం.