లీటరు నీళ్ళంటే ఎన్ని గ్లాసులు?

విరేచనాలు అవుతున్నవారికి తాగించే ఓ.ఆర్.ఎస్. పొట్లాన్ని మీరు చూసే ఉంటారు. పెద్ద పొట్లం మీద "ఒక లీటరు నీటిలో కలపండి" అని రాసి ఉంటుంది. చెప్పడానికి సులభమే. కాని ఒక్కసారి మీ వంటింట్లోకి వెళ్ళి చూడండి. చెంబు, గ్లాసు, గిన్నె, గరిటె అన్నీ ఉంటాయి. లీటరు గుర్తు ఉన్న పాత్ర మాత్రం చాలా ఇళ్ళలో కనిపించదు. మీ చెల్లాయికి అర్ధరాత్రి విరేచనాలు పట్టుకుంటే ఆ లీటరు నీళ్ళు దేనితో కొలుస్తారు? "రెండు చెంబులు పోస్తే సరిపోతుందిలే" అనవచ్చునా?

అనకూడదు. ఎందుకో చూద్దాం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో సూచించిన సూత్రం ప్రకారం లీటరు నీటికి కలిపే పొడిలో గ్లూకోజు 13.5 గ్రాములు, మామూలు ఉప్పు 2.6 గ్రాములు, ట్రైసోడియం సిట్రేట్ 2.9 గ్రాములు, పొటాషియం క్లోరైడు 1.5 గ్రాములు ఉంటాయి. మొత్తం 20.5 గ్రాములు. లీటరు నీటిలో కలిపితే ఆ ద్రావణం రక్తం కంటే కొంచెం పలుచగా ఉంటుంది. ప్రేగు గోడలు గ్లూకోజును పీల్చుకునేటప్పుడు దానితోపాటు ఉప్పులోని సోడియం కూడా లోపలికి పోతుంది; వాటి వెంట నీరు పోతుంది. మందు రహస్యమంతా అదే. ఇప్పుడు ఆ పొట్లాన్ని అర లీటరులోనే కలిపారనుకోండి. గాఢత రెట్టింపై రక్తాన్ని మించిపోతుంది. ద్రవాభిసరణం గురించి మీరు చదువుకున్నారు కదా! నీరు ప్రేగు నుంచి శరీరంలోకి పోవడానికి బదులు, శరీరంలో నుంచే ప్రేగులోకి వస్తుంది. విరేచనం ఇంకా పెరుగుతుంది. పసిపిల్లలకు ఇది ప్రాణం మీదికి రావచ్చు. రెండు లీటర్లలో కలిపితేనో, పోయిన లవణాలు తిరిగి శరీరానికి చాలినంతగా చేరవు.

1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలంలో పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ శరణార్థి శిబిరంలో కలరా వ్యాపించింది. సూదిద్వారా ఎక్కించే సెలైను చాలలేదు. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజులను లెక్కప్రకారం పొట్లాలు కట్టించి, నీటిలో కలిపి రోగుల బంధువులచేతనే తాగించారు. సుమారు 30 శాతం ఉన్న మరణాలు 3.6 శాతానికి దిగాయి. అంత పని చేసింది సరైన పొడి, సరైన కొలత నీళ్ళే.

సరే, లీటరును ఎలా పట్టుకోవాలి? బడి ప్రయోగశాలలో అయితే కొలజాడీ ఉంటుంది. ఇంట్లో అన్నిటికంటే తేలిక దారి, లీటరు అని ముద్రించి ఉన్న తాగునీటి సీసా. దానిని అంచుదాకా నింపకండి. కొన్నప్పుడు నీరు మెడ దగ్గర ఎక్కడిదాకా ఉందో అక్కడిదాకానే నింపాలి. (పురుగుమందు, కిరోసిన్, ఫినాయిలు సీసాల జోలికి ఎంత కడిగినా పోవద్దు.)

సీసా లేదనుకోండి. అప్పుడు తూకాన్ని కొలతగా మార్చుకుందాం. నీటి సాంద్రత ఘన సెంటీమీటరుకు 1 గ్రాము. అంటే 1 మిల్లీలీటరు నీరు 1 గ్రాము తూగుతుంది. ఇది 4 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గర సరిగ్గా నిజం. మన ఎండలకు, 30 డిగ్రీల దగ్గర, లీటరు నీరు సుమారు 996 గ్రాములుంటుంది. ఆ నాలుగు గ్రాములతో వంటింట్లో మనకు పని లేదు. మీ గ్లాసును కిరాణా దుకాణానికి తీసుకుపోయి ఖాళీగా తూయించండి. 85 గ్రాములు వచ్చిందనుకుందాం. నిండా నీళ్ళు పోస్తే 325 గ్రాములు. తేడా 240. కాబట్టి గ్లాసు 240 మి.లీ. పడుతుంది. లీటరుకు నాలుగు గ్లాసులు, ఇంకా 40 మి.లీ. కావాలి. ఆ 40ని ఎనిమిది టీస్పూన్లతో పూర్తి చేయవచ్చు. టీస్పూను అంటే 5 మి.లీ. కదా!

త్రాసు కూడా అందుబాటులో లేకపోతే స్కేలు చాలు. నిటారు గోడలున్న గుండ్రటి డబ్బా లోపలి వ్యాసం 7 సెం.మీ. ఉందనుకోండి. వ్యాసార్ధం 3.5, అడుగు వైశాల్యం 22/7 × 3.5 × 3.5 = 38.5 చదరపు సెంటీమీటర్లు. 6.5 సెం.మీ. ఎత్తున గీత పెడితే 38.5 × 6.5, అంటే 250 మి.లీ. దాదాపు సరిగ్గా. నాలుగుసార్లు పోస్తే లీటరు. మన స్టీలు గ్లాసులు పైకి పోయేకొద్దీ వెడల్పవుతాయి కదా అని మీకు సందేహం రావచ్చు. పైన 8, అడుగున 6, ఎత్తు 10 సెం.మీ. ఉన్న గ్లాసును సగటు వ్యాసం 7 అనుకుని లెక్కిస్తే 385 మి.లీ. వస్తుంది. శంకుఖండ సూత్రంతో చేస్తే సుమారు 388. మూడు మిల్లీలీటర్ల కోసం మనం తల బద్దలు కొట్టుకోనక్కరలేదు. సూత్రం వచ్చినవాళ్ళు మాత్రం చేసి చూడండి, సరదాగా ఉంటుంది.

గ్రాము, మిల్లీలీటరు ఒకటేనన్న ఈ లెక్క నీటికి మాత్రమే. నూనె దగ్గర దీన్ని వాడితే మోసపోతాం. లీటరు వంటనూనె ప్యాకెట్టు మీద చిన్న అక్షరాలలో 910 గ్రాములు అని ఉండడం గమనించారా? నూనె నీటికంటే తేలిక. బజారులో 15 లీటర్ల డబ్బాలూ ఉంటాయి, 15 కిలోల డబ్బాలూ ఉంటాయి. చూడటానికి ఒకే మాదిరి. 15 లీటర్ల నూనె 15 × 0.91 = 13.65 కిలోలే. 15 కిలోల నూనె దాదాపు 16.5 లీటర్లు. ధరలు పోల్చేముందు రెండింటినీ ఒకే ప్రమాణంలోకి మార్చకపోతే లీటరున్నర తేడా మన కళ్ళముందే జారిపోతుంది!

మీ అమ్మమ్మగారింట్లో పాత సోల, తవ్వ ఉంటే వాటినీ నీళ్ళతో తూచి చూడండి. నాలుగు గిద్దెలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక అని పెద్దలు లెక్క చెబుతారు. ఆ నిష్పత్తి నిలిచినా సోల పరిమాణం ఊరికొక తీరుగా ఉండేది. 1956లో తూనికలు, కొలతల చట్టం చేసి దేశమంతటికీ మెట్రిక్ పద్ధతి తెచ్చింది ఇటువంటి తేడాలు పోవాలనే.

చివరగా చెంచా సంగతి. ఓ.ఆర్.ఎస్. పొట్లం దొరకనప్పుడు లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు కలిపి తాగించమని వైద్యులు చెబుతారు. చెంచాలు గోపురంలా కాక, కత్తివెనుక భాగంతో గీసినట్లు సమంగా ఉండాలి. మరి మీ ఇంటి చెంచా 5 మి.లీ. దేనా? ఒక్క చెంచా నీటిని తూస్తే తెలియదు, దుకాణం త్రాసు అంత చిన్న బరువును సరిగా చూపదు. ఇరవై చెంచాలు గ్లాసులో పోసి తూచండి. 100 గ్రాములు వస్తే చెంచా సరైనది. 140 వస్తే అది 7 మి.లీ. చెంచా, దానితో ఉప్పు వేస్తే ఎక్కువవుతుంది. త్రాసు లేకపోతే దగ్గుమందు సీసా మూతమీద 5, 10 అని గీతలుంటాయి, దానితో సరిచూసుకోండి. కలిపాక రుచి చూడండి. కన్నీళ్ళకంటే ఉప్పగా ఉంటే పారబోసి మళ్ళీ కలపాలి.

పొట్లాన్ని సగం సగం వాడవద్దు. లోపలి పొడులు సమంగా కలిసి ఉంటాయన్న నమ్మకం లేదు. కొంచెమే కావాలంటే 200 మి.లీ. నీటికి సరిపడే చిన్న పొట్లాలు వేరే దొరుకుతాయి. కలిపిన నీటిని మూతపెట్టి ఉంచి, 24 గంటలు దాటితే మిగిలింది పారబోయాలి. బిడ్డ మగతగా పడి ఉన్నా, తాగలేకపోతున్నా, విరేచనంలో నెత్తురు కనిపించినా గ్లాసులు లెక్కపెడుతూ కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.